మూడో నంబరు కిటికీ

లా పాజ్‌లో మా ఆఫీసు లోయ అడుగున ఉంటుంది.
డబ్బున్నవాళ్ళు ఇక్కడ పల్లంలోనే ఉంటారు,
గాలి దండిగా దొరికేచోట.
పేర్లు మార్చుకునేవాళ్ళు ఎల్ ఆల్తో నుంచి వస్తారు,
ఊపిరి చాలని ఆ ఎత్తు మీంచి.
మా ఊళ్ళో పైకి రావాలంటే
ముందు కిందికి దిగాలి.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కిటికీ వెనకే కూర్చున్నాను.
మమానీలు మైస్మన్‌లయ్యారు నా చేతి మీదుగా,
కొందోరీలు కొందోర్సెట్‌లయ్యారు.
ఓ అక్షరం చెక్కేసి రెండు అతికించడం,
వడ్రంగి పనే, ఏముంది.

ఫుల్హెన్సియో కిస్పె గుర్తున్నాడు.
మినీబస్సు డ్రైవరు, వేళ్ళ సందుల్లో గ్రీజు.
కూతురి దరఖాస్తు
బ్యాంకు నుంచి మూడుసార్లు తిరిగొచ్చిందట.
"ఫొటో కూడా అడగలేదు సార్,
పేరు చాలింది వాళ్ళకి."
కిస్బర్ట్ అని రాయమన్నాడు.
ఎక్కడిదయ్యా ఇది అంటే
పళ్ళ డాక్టరు బోర్డు మీద చూశాడట.

కారణం అనే గడిలో నిజం రాస్తే ఫైలు కదలదు.
నేనే రాశాను, అందరికీ రాసేదే:
ఉచ్చారణ సౌలభ్యం.

వాళ్ళమ్మ లోపలికి రాలేదు.
వరండాలో పొరల పొరల లంగా పరుచుకుని
గుండ్రటి టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
మంచులో ఎండబెట్టిన బంగాళాదుంపలు అమ్మి
మూడంతస్తులు లేపిన మనిషి.
ఆ ఏడు పేట పండగ ఖర్చంతా నెత్తినేసుకుందట,
రెండు బ్యాండు మేళాలు, నాలుగు వందల మందికి బీరు.
సాక్షి సంతకం కోసం నేనే బయటికి వెళ్తే
"సెన్యోర్ పిల్మొంతీ" అని మొదలుపెట్టింది,
"ఎదిగితే పేటంతా తాగి తూలాలి.
బ్యాంకులో కూర్చుంటే ఎదిగినట్టు ఎవరికి తెలుస్తుంది?"
సంతకం పెట్టలేదు.
కిస్పె అంటే వాళ్ళ మాటలో గాజు,
మెరిసేది,
విడుదలైంది కూడా.
"విడుదలని అమ్మేసి వీడేం కొంటాడు?"
అడిగింది నన్ను కాదు, టోపీని.

పదకొండు రోజుల్లో పని అయిపోయింది.
ఆ పిల్లకి ఉద్యోగం వచ్చిందో లేదో
మా రిజిస్టర్లో ఆ గడి లేదు.

మొన్న మంగళవారం ఓ అమ్మాయి వచ్చింది,
యోసెలిన్ కిస్బర్ట్,
ఫుల్హెన్సియో కొడుకు కూతురు.
పైన ఆకుపచ్చ, నారింజ రంగుల మేడలు గీసే ఆర్కిటెక్టు.
వాళ్ళ తాత గంటన్నర కుదుపుల్లో వచ్చిన దారిని
కేబుల్ కారులో పది నిమిషాల్లో దిగొచ్చింది.
పాత పేరు కావాలంది.
తీసేయడానికి పదకొండు రోజులమ్మా,
తిరిగి పెట్టడానికి తొంభై,
నోటరీ, ఇద్దరు సాక్షులు, అన్నాను.
"ఫర్లేదు, ఇప్పుడా పేరుకి గిరాకీ ఉంది లెండి,
విదేశీ పార్టీలు అది చూసే వస్తున్నాయి" అని నవ్వింది.
ఆ నవ్వులో నిజమెంతో తూచే కాటా
నా దగ్గర లేదు.

కారణం గడి తనే నింపింది:
ఉచ్చారణ సౌలభ్యం.
నేను కళ్ళద్దాలు తీశాను.
"మా ముత్తవ్వకి 'బ' పలకదు సార్,
ఐమారా నోట్లో ఆ అక్షరమే లేదు.
కిస్బర్ట్ అనబోయి కిస్పిర్, కిస్పి అనేది.
పోయేదాకా అంతే.
ఆవిడ లెక్కలో మేం ఏ రోజూ మారలేదు."

ముద్ర వేశాను. కాస్త వంకరగా పడింది.

సాయంత్రం బల్ల మీది పేరు పలక తుడిచాను.
బెల్మోంట్.
నేను పుట్టకముందే మా నాన్న
ఇదే కిటికీకి అవతల నిలబడ్డాడు.
అంతకుముందు ఏముండేదో ఆయన చెప్పలేదు,
నేను అడగలేదు.
రికార్డు గది తాళంచెవులు
ముప్పై ఒక్క ఏళ్ళుగా నా జేబులోనే ఉన్నాయి.

బస్సు కోసం నిలబడి
ఆ ముసలామె పలికినట్టు
నా పేరు నోట్లో తిప్పి చూసుకున్నాను,
పిల్మొంతి,
పిల్మొంతి.
పక్కనున్నతను తిరిగి చూశాడు.